దూడకు చెప్పిన మాటలు

మా వైపు పిల్లల ఎదుగుదల వంటింట్లో తెలిసేది. పసిబిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు చేసేవారు. అడుగులు వేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు, మాటలు వస్తే చక్కెర చిలకలు. చేసినవి ఇంట్లో దాచుకోరు, చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ పంచుతారు. ఏ ఇంటి నుంచి ఏ వాసన వచ్చిందో చూసి ఆ ఇంటి బిడ్డ ఎంతవరకు వచ్చిందో వీధిలో అందరూ చెప్పేవారు.

నేను బోర్లా పడిన రోజు మా ఇంట్లో జొన్నసంగటి వండారు. నడిచిన రోజూ సంగటే. నేను నడిచానన్న సంగతి అసలు ఎవరి కంటనైనా పడిందో లేదో కూడా నాకు చాలా ఏళ్ళు తెలియలేదు. జాలి పడమని చెప్పటం లేదు, కోపంగానే చెప్తున్నాను. ఈ వయసులో కూడా ఎవరింట్లోనైనా బొబ్బట్లు కాలుతున్న వాసన వస్తే నాకు ముందు కోపం వస్తుంది, ఆకలి ఆ తరువాత.

మాది గిద్దలూరుకూ కంభానికీ మధ్య ఒక చిన్న ఊరు. అప్పట్లో మేము కర్నూలు జిల్లా వాళ్ళం. జిల్లా మీద కలెక్టరు, కలెక్టరు మీద చెన్నపట్నం, చెన్నపట్నం మీద ఎవరో దొర. మా ఇంటికి మాత్రం అందరి మీదా మా జేజి. జేజి అంటే నాయన తల్లి.

నాకు ముందు మా ఇంట్లో ఇద్దరు మగపిల్లలు పుట్టి, పాకే వయసైనా రాకముందే పోయారు. రెండోవాడు మా అమ్మ ఒళ్ళోనే, పాలు తాగుతూ తాగుతూ కన్ను మూశాడట. అప్పుడు జేజి మా అమ్మతో, "నీ చెయ్యి అచ్చిరాలేదే" అన్నది. కసిగా అన్న మాట కాదు, భయంతో అన్నది. కారణం తెలియని చావులను భరించాలంటే ఎవరివైపో ఒకరివైపు వేలు చూపించాలి, ఆ వేలు మా అమ్మ మీదికి పోయింది. మా అమ్మ ఆ మాటను ఇంకెవరికంటే ఎక్కువగా నమ్మింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు.

అందుకని నన్ను పుట్టగానే అమ్మేశారు. చేటలో పడుకోబెట్టి తెచ్చి దొడ్లో పెంటదిబ్బ పక్కన దించారు. ఎదురింటి దుకాణం ఆమె, ముందే అనుకున్న ప్రకారం, అటుగా పోతున్నట్టు వచ్చి ఆగింది.

"ఎవురి బిడ్డ ఇది? ఇట్ల పారేసినారేంది?" అని అడిగింది.

"ఎవురిదో మాకేం తెలుసు. కావాలంటే నువ్వు ఎత్తుకపో" అన్నది జేజి.

ఆమె కొంగున కట్టుకొచ్చిన తవుడు చేటలో పోసి, నన్ను ఎత్తుకుని, వీధి దాకా నడిచి వెనక్కి వచ్చింది. "నా బిడ్డను మీ ఇంట్లో ఇడిసిపోతా ఉండా, బాగా చూడండి" అని నన్ను మా గడప లోపల పెట్టి వెళ్ళింది. బిడ్డల్ని ఎత్తుకుపోయేది ఏదైనా ఉంటే, అది మా ఇంటికి వచ్చి చూసుకుని, ఇది వీళ్ళ బిడ్డ కాదని తిరిగిపోవాలి. ఇదేమీ మా ఇంట్లోనే జరిగిన వింత కాదు. తవుడుకు కొన్న పిల్లలు ఆ రోజుల్లో ఊరూరా ఉండేవారు. చాలా ఇళ్ళల్లో ఆ తంతు ఆ పూటతో అయిపోయేది. మరునాటి నుంచి తల్లి తల్లే, బిడ్డ బిడ్డే. మా ఇంట్లో అట్లా అయిపోలేదు.

జేజి ఒక గడువు పెట్టింది. పాలపన్ను ఊడి ఆ చోట గట్టిపన్ను మొలిచేదాకా ఈ పిల్ల ఎదురింటిదే. అప్పటిదాకా మా అమ్మ నన్ను నా బిడ్డ అనకూడదు. పాలివ్వచ్చు, నీళ్ళు పోయవచ్చు. ముద్దు చేయకూడదు, నలుగురిలో ఎత్తుకోకూడదు, దిష్టి తీయకూడదు. కన్నతల్లి దిష్టి తీస్తే గుట్టు బయటపడుతుందట. నాకు ఒళ్ళు వెచ్చబడితే ఎదురింటికి కబురు పెట్టేవారు, ఆమె వచ్చి ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోయేది. నేను ఎదురింటి ఆమెనే అమ్మా అనాలి. మరి మా అమ్మను ఏమని పిలవాలి? ఎవరో చిన్నమ్మా అనమన్నారట. అందులో కూడా అమ్మ ఉంది కదా అని జేజి ఒప్పుకోలేదు. చివరికి మా మేనత్త పిలిచినట్టు వదినా అని పిలవటం నేర్పారు. నాయనను మాత్రం నాయనా అనే పిలిచేదాన్ని. అచ్చిరానిది ఆయన చెయ్యి కాదు కాబట్టి ఆయనకు ఏ అడ్డూ లేదు. కానీ ఆయన తెల్లవారి పొలానికి పోతే పొద్దుగూకాకే ఇంటికి వచ్చేవాడు.

ఎదురింటి అమ్మను జేజి ఏరికోరి ఎంచింది. ఆమెకు పుట్టిన బిడ్డలంతా బతికారు. ఆ ఇల్లు ఎప్పుడు చూసినా పిల్లలతో కిక్కిరిసి ఉండేది. నా మీద ఆమెకు ప్రేమ లేదనను, తీరిక లేదు. నేను అమ్మా అంటూ పోతే దుకాణంలో నుంచి బెల్లం ముక్క తీసి చేతిలో పెట్టి, "పో తల్లీ, పోయి ఆడుకో" అనేది. నేను బెల్లం కోసం రాలేదని ఆమెకు తోచేది కాదు. ఆమె పిల్లలు నన్ను తవుడు అని పిలిచేవారు. ఉత్తుత్తి అన్నాలు వండి ఆడుకునేటప్పుడు ఒకరు అమ్మ, ఒకరు నాయన, మిగిలినవాళ్ళు బిడ్డలు. నా దాకా వచ్చేసరికి, "నువ్వు దూడవు. పోయి ఆడ నిలబడు" అనేవారు. నేను చింతచెట్టు మొదట్లో మోకాళ్ళ మీద నిలబడి, వాళ్ళు ఇసుక అన్నం తింటుంటే చూసేదాన్ని. ఏడ్చేదాన్ని కాదు. దూడగా ఉండటం నాకు చిన్నతనం అనిపించేది కాదు. ఎందుకంటే మా ఇంట్లో అందరికంటే ఎక్కువ గారం దూడకే జరిగేది.

మా దొడ్లో ఒక బర్రె ఉండేది. ఒక దూడ పెరిగిపోతే ఇంకొకటి, దాని పక్కన ఎప్పుడూ ఒక పెయ్యదూడ కట్టేసి ఉండేది. మా అమ్మ మాటల మనిషి కాదు. నాతో అయితే పనికి కావలసిన మాటలే: తిను, జరుగు, ఎండలో పోబాక. కానీ దూడ దగ్గరికి పోయిందంటే ఆమె గొంతే మారిపోయేది. నన్ను కుడితి తొట్టి పక్కన గోనెపట్టా మీద కూర్చోబెట్టి, నావైపు వీపు పెట్టి, దాని మెడ నిమురుతూ మాట్లాడేది.

"ఏందే నా బంగారూ, కడుపు నిండిందా? నిన్నటిదాకా తూలుతా ఉంటివే, ఇయ్యాల ఎంత గట్టిగా నిలబడినావే! ఎవురి కళ్ళూ పడకూడదు నీ మీద. నా తల్లివి కదా, నా చిట్టివి కదా."

దూడ చెవులు ఆడించేది. నేను గోనె పోగులు పీకుతూ కూర్చునేదాన్ని.

నాకు మాటలు బాగా ఆలస్యంగా వచ్చాయి. మూగదేమోనని ఇంట్లో గుసగుసలాడుకున్నారట. నా పిల్లల్ని నేను పెంచాక ఇందులో వింతేమీ లేదని తెలిసింది. పసిబిడ్డకు మాటలు గాలిలో నుంచి రావు. ఎవరో ఒకరు దాని కళ్ళల్లోకి చూసి, అర్థంపర్థం లేని కబుర్లు పదేపదే చెప్పాలి. అది ఊ కొడితే మురిసిపోయి మళ్ళీ చెప్పాలి. నడకా అంతే. ఎదురుగా ఎవరో చేతులు చాచి రా రా అంటే బిడ్డ గోడ వదిలి అడుగు వేస్తుంది. నాకు ఎదురుగా ఎవరూ లేరు గనక నేను గోడ పట్టుకునే నడిచాను, చాలాకాలం గోడ పట్టుకునే తిరిగాను. ఇప్పటికీ కొత్త ఇంట్లో అడుగుపెడితే నా చెయ్యి దానంతటదే గోడ మీదికి పోతుంది.

నా మొదటి మాట బంగారూ. దూడను వేలితో చూపించి అన్నానట. ఇంట్లో అందరూ పడీపడీ నవ్వారట. మా అమ్మ మాత్రం నీళ్ళ బిందె అక్కడే పెట్టి దొడ్లోకి పోయిందని మేనత్త తరువాత ఎప్పుడో చెప్పింది.

దూడ మీద నాకు ఎంత అసూయో చెప్పలేను. దాని ముందున్న పచ్చగడ్డి లాగి పడేసేదాన్ని. ఒకరోజు దాన్ని గడ్డివామి దగ్గరికి వదిలిపెట్టి ఉంటే, గుంజకు వేలాడుతున్న పలుపు నా మెడలో వేసుకుని, మోకాళ్ళ మీద నిలబడి మా అమ్మ కోసం ఎదురు చూశాను. ఆమె కుడితి బకెట్టుతో వచ్చింది. నన్ను చూసింది. బకెట్టు చేతిలో నుంచి జారి కుడితంతా నేలపాలయింది. గబగబా వచ్చి పలుపు తీసి, "మెడ ఒరుసుకపోతది. ఇట్లాంటి ఆటలు ఆడబాక" అన్నది. ఆమె చేతులు నా మెడ మీద ఒక్క క్షణం ఉన్నాయి. ఇప్పుడైనా అంటుందేమో, ఆ మాటల్లో ఒక్కటైనా నన్ను చూసి అంటుందేమో అనుకున్నాను. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇంతమంది ఉన్న ఊళ్ళో నాకు ఎవరూ లేరని మొదటిసారి తెలిసింది అప్పుడే.

పన్ను సంగతి నాకు జేజే చెప్పింది. ఆ రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు. నాలుకతో పళ్ళను నెట్టుకుంటూ తిరిగేదాన్ని. చేలో జొన్నదంట్లు కనబడితే చాలు, ముందు పళ్ళతో కొరికేదాన్ని. తోటి పిల్లలు ఆటలో ఉంటే నేను గట్టు మీద కూర్చుని వాళ్ళ నోళ్ళల్లోకి చూసేదాన్ని. ఎవరికి పన్ను ఊడిందో, ఎవరికి మొలిచిందో ఊళ్ళో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఒక మధ్యాహ్నం జొన్నదంటు నములుతుంటే కింది పన్ను ఊడి చేతిలో పడింది. నెత్తురు కారుతుండగానే ఇంటికి పరుగెత్తాను.

"వదినా, పన్నూడింది! పన్నూడింది వదినా!"

మా అమ్మ పొయ్యి ముందు నుంచి లేచి నిలబడింది. నావైపు రెండు అడుగులు వేసింది కూడా. అంతలో జేజి అరుగు మీద నుంచి కేక వేసింది.

"ఊడితే ఏం లాభమే? మొలవాల."

మా అమ్మ మళ్ళీ పొయ్యి ముందు కూర్చుంది. పన్నును పేడలో చుట్టి మిద్దె మీదికి విసిరారు. నేను ఆ సందులో నాలుక పెట్టుకుని ఎదురు చూడటం మొదలుపెట్టాను.

ఆ ఏడు వానలు లేవు, మేత చాలలేదు. అప్పుడున్న దూడను కంభం వైపు వాళ్ళెవరో కొని తోలుకుపోయారు. నాకు సంతోషం వేసింది, ఆ మాట దాచను. మరునాడు గడ్డివామి వెనక కూర్చుని చింతగింజలు ఏరుకుంటున్నాను. మా అమ్మ దొడ్లోకి వచ్చింది. నేను వామికి ఇవతల, ఆమె అవతల. గడ్డి సందుల్లో నుంచి ఆమె నాకు కనబడుతూనే ఉంది. ఖాళీ గుంజ మీద చెయ్యి వేసి నిలబడి, రోజూ మాట్లాడినట్టే మాట్లాడింది.

"తిన్నావా బంగారూ? జడ ఎవురేసినారే ఇయ్యాల? ఎదురింట్లో ఏసినారా? వంకర పోయింది చూడు. పన్ను ఊడినకాడ నొప్పి తగ్గిందా తల్లీ?"

దూడకు జడ ఏంది అనుకున్నాను ముందు. తరువాత నా చెయ్యి నా జడ మీదికి పోయింది. అది వంకరగానే ఉంది.

అప్పుడు అన్నీ ఒక్కసారిగా తెలిశాయి. కడుపు నిండిందా అని అడిగింది నన్ను. ఎంత గట్టిగా నిలబడినావే అన్నది నన్ను. గోనెపట్టా మీద కూర్చుని దూడను తిట్టుకుంటూ విన్న మాటలన్నీ నావే. జేజి కంట పడకుండా, ఎత్తుకుపోయేదాని చెవిన పడకుండా ఆమె వాటిని దూడకు చెప్తున్నట్టు నాకు చెప్పింది. పరుగెత్తుకుపోయి ఆమె కాళ్ళు పట్టుకోవాలనిపించింది. పోలేదు. పోతే ఆమె మాట ఆపేస్తుందని భయం. వామి వెనకే, చింతగింజలు గుప్పిట్లో పట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

ఆ తరువాత రోజూ ఆమె ఆ వేళకు గుంజ దగ్గరికి వచ్చేది. రోజూ ఆ వేళకు నేను వామి వెనక ఉండేదాన్ని. నేను ఉన్నానని ఆమెకు తెలుసు, తెలుసని నాకూ తెలుసు. ఆ సంగతి మేము ఎవరికీ చెప్పలేదు, ఒకరికొకరం కూడా చెప్పుకోలేదు.

గట్టిపన్ను మొలిచింది. జేజి నా కింది పెదవి లాగి వేలితో తడిమి చూసి, సరే అన్నది. ఎదురింటి అమ్మను పిలిచి, చీరా రవికగుడ్డా పెట్టి, చేటెడు జొన్నలు కొలిచి నన్ను తిరిగి కొన్నారు. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వచ్చారు. నన్ను మా అమ్మ ముందు నిలబెట్టి, "అమ్మా అని పిలువు" అన్నారు. అన్నేళ్ళూ నేను కాచుకున్నది ఆ ఒక్క మాట కోసమే. నోరు తెరిచాను. కళ్ళు నా ప్రమేయం లేకుండానే ఎదురింటి ఆమె వైపు పోయాయి. ఆ మాట ఎప్పుడు పలికినా ఆమె ముఖమూ బెల్లం ముక్కా గుర్తొచ్చేవి. మా అమ్మ ముందు అది నోట్లో నుంచి రాలేదు.

"వదినా" అన్నాను.

అందరూ నవ్వారు. మా అమ్మ చేతులు నావైపు లేచి, సగంలో ఆగి, ఏం చేయాలో తెలియనట్టు కొంగుకు తుడుచుకున్నాయి. మరునాడు ఆమె గుంజ దగ్గరికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. ఇంక చాటుగా మాట్లాడే పని లేదనుకుందేమో. ఎదురుగా మాట్లాడటం ఆమెకు రాలేదు. మాటలు ఆలస్యంగా వచ్చేది పిల్లలకే అనుకుంటాం. నేను చాలారోజులు వామి వెనక కూర్చుని, చీకటి పడుతుంటే లేచి లోపలికి వచ్చేదాన్ని.

తరువాత తమ్ముడు పుట్టాడు. నేను బతికాను గనక ఇంటికి ధైర్యం వచ్చింది. వాడిని ఎవరూ అమ్మలేదు. వాడు బోర్లా పడ్డాడని బొబ్బట్లు చేసి, తాంబాళంలో సర్ది, పంచి రమ్మని నన్నే పంపారు. ఇంటింటి ముందూ నిలబడి, "మా తమ్ముడు బోర్లా పడినాడు" అని చెప్పి ఇచ్చి వచ్చాను. మా అమ్మ వాడిని ఎదకు హత్తుకుని ముద్దాడుతుంటే గడప దగ్గర నిలబడి చూసేదాన్ని. వాడు అమ్మా అనేవాడు, నేను వదినా అనేదాన్ని. ఆ పిలుపు ఇంట్లో ఎవరికీ తప్పుగా తోచకుండా పోయింది. పెళ్ళయి వెళ్ళేనాడు కూడా, "పోయొస్తా వదినా" అనే బండెక్కాను.

నాకు కూతురు పుట్టేనాటికి జేజి లేదు. అవి యుద్ధం రోజులు. మా ఆయనకు రైల్వేలో పని. బదిలీ అయిన చోట ఇల్లు దొరక్క, కాన్పుకు వచ్చిన నేను పాపకు ఎనిమిదో నెల దాకా పుట్టింట్లోనే ఉండిపోయాను. బెల్లం దొరకటం గగనంగా ఉండేది. అయినా పాప బోర్లా పడిన రోజు మా అమ్మ ఎక్కడి నుంచో తెప్పించి బొబ్బట్లు చేసింది. మొదటిది పెనం మీద నుంచి తీసి, ఆకులో పెట్టి నా చేతికిచ్చింది.

"నువ్వు బోర్లా పడింది ఈ గాదె పక్కనే. నేను జొన్నలు ఇసుర్తా ఉంటి. చూసి అరవబోయి కొంగు నోట్లో కుక్కుకున్నా" అన్నది, పొయ్యిలోకి చూస్తూ.

నేను తలవంచుకుని తిన్నాను. వేడికి నాలుక కాలింది. అప్పుడు పిలవాల్సింది. గొంతు దాకా వచ్చింది కూడా. బయటికి మాత్రం రాలేదు. ఆమె పిండి వత్తుకుంటూ పోయింది.

ఆ నెలలన్నీ అట్లాగే గడిచాయి. పాప పాకింది, గాదె పట్టుకుని నిలబడింది. మేమిద్దరం దాని గురించే మాట్లాడుకున్నాం, దాని మీదుగానే మాట్లాడుకున్నాం. దానికి ఆకలేస్తా ఉండాది అని ఆమె అంటే నన్ను తినమని అర్థం.

ఒక ఉదయం మా అమ్మ దొడ్లో పీట మీద కాళ్ళు చాపుకుని, పాపను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోస్తోంది. నేను పక్కన నిలబడి చెంబుతో నీళ్ళు అందిస్తున్నాను. పాప తల వెనక్కి వాల్చి ఆమె ముఖంలోకి చూసి, "మ్మ... అమ్మ" అన్నది. అది దాని మొదటి మాట.

మా అమ్మ ఉలిక్కిపడింది. మెడ తిప్పి అరుగు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు, జేజి పోయి చాలా కాలమయింది. గబగబా పాపతో, "నేను కాదే తల్లీ, నేను కాదు. మీ అమ్మ ఆడుంది, ఆమెను పిలువు" అన్నది.

"నువ్వేలే అమ్మా, నిన్నే పిలిచింది" అన్నాను నేను.

అనేశాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. చెంబులో నీళ్ళు నా కాళ్ళ మీద ఒలికాయి. పాప వీపు మీద మా అమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆమె నావైపు చూడలేదు.

"ఏందీ?" అన్నది.

"నిన్నే పిలిచింది అంటున్నా."

"అది కాదు. దాని ముందు."

"అమ్మా అన్నా."

ఆమె పాప ఒళ్ళు తుడిచి నా చేతికిచ్చి వంటింట్లోకి పోయింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ ఉన్నాయి. మొదటి మాట పలికింది గదా, పాపకు దిష్టి తీస్తుందనుకుని పాపను ముందుకు పట్టుకున్నాను.

"దాన్ని పట్టా మీద కూర్చోబెట్టి రా" అన్నది.

నేను పాపను కూర్చోబెట్టి వచ్చి నిలబడ్డాను. ఆమె గుప్పిటను నా తల చుట్టూ తిప్పటం మొదలుపెట్టింది. ఆమె కంటే నేను పొడుగు. మునివేళ్ళ మీద లేచి తిప్పింది. ఇరుగు కళ్ళూ పొరుగు కళ్ళూ పోవాలని గొణిగి, చివర్న, "నా కన్ను కూడా పోవాల" అన్నది. తిప్పి తిప్పి, నీళ్ళపొయ్యిలో నిప్పుల మీద వేసింది. మిరపకాయలు చిటపటలాడాయి. ఘాటు గుప్పున లేచింది. నాకు దగ్గు ఆగలేదు, ఆమెకు కళ్ళల్లో నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. దిష్టి గట్టిదైతే మిరపకాయల ఘాటు తెలియదని మా వైపు నమ్మకం.

ఆమె ముక్కు చీది, కొంగుతో ముఖం తుడుచుకుని, నా ముఖం కూడా అదే కొంగుతో తుడిచింది.

"చూడు, ఇంత కూడా ఘాటు రాలేదు" అన్నది. "ఎంత దిష్టి ఉండిందో నా బిడ్డకు."